కొనుగోళ్ల షెడ్యూలుకు ప్రైమవెరా పీ6

సబ్‌స్టేషన్ ట్రాన్స్‌ఫార్మర్ సరఫరాను ఒకే గడువుగా రాసుకోకుండా, కొనుగోలు ఆర్డరు, డ్రాయింగుల ఆమోదం, తయారీ, ఫ్యాక్టరీ తనిఖీ, రవాణా అని విడదీసి, పునాది పనితో ముడిపెట్టి చూసుకోవడానికి ప్రైమవెరా పీ6 అనే ప్రాజెక్టు షెడ్యూలింగ్ సాఫ్ట్‌వేరు ఎంతో నమ్మకమైన సాధనం. ఎఫ్9 నొక్కి, తెరుచుకున్న పెట్టెలో ‘షెడ్యూల్’ ఎంచుకోగానే షెడ్యూలును మళ్లీ లెక్కకట్టి, ఆర్డరు ఇవ్వవలసిన ఆఖరి తేదీని ‘లేట్ స్టార్ట్’ గడిలో, మిగిలిన వెసులుబాటును ‘టోటల్ ఫ్లోట్’ గడిలో చూపుతుంది. ఫ్లోట్ సున్నాకు చేరితే, చవకైన కేబుల్ గ్లాండు (కేబులును పరికరానికి బిగించే చిన్న భాగం) ఆలస్యమైనా ప్రాజెక్టు మొత్తం వెనక్కి జరుగుతుందన్న సంగతి కొనుగోలు విభాగానికి అక్కడే కళ్లకు కడుతుంది. ఫ్యాక్టరీకి, సైటుకు వేర్వేరు పనిదినాల క్యాలెండర్లు పెట్టుకోవచ్చు. సముద్ర రవాణాకు మాత్రం వారానికి 7 రోజుల క్యాలెండరే సరైనది. చిన్న పనులకు ఇది భారమే. సరఫరాదారు చెప్పిన గడువు నిజమో కాదో సాఫ్ట్‌వేరు తేల్చలేదు కనుక, ఫ్యాక్టరీ పురోగతిని క్రమం తప్పక తెప్పించుకుని నమోదు చేసే మనిషి ఉన్న సంస్థలకే దీన్ని సిఫారసు చేస్తాను.