డార్క్‌టేబుల్: రా ఫైల్ భద్రంగానే ఉంది, చిక్కంతా ఆల్బమ్ దగ్గరే

నేను పెళ్లి ఫొటోల రంగులు సరిచేసే సాఫ్ట్‌వేర్ డార్క్‌టేబుల్. దాంట్లో అన్నిటికంటే నచ్చిందేమిటని అడిగితే పక్క ఫైల్ అంటాను. ఫొటోను ఎంత మార్చినా డార్క్‌టేబుల్ రా ఫైల్ (కెమెరా తీసింది తీసినట్టు దాచిన ఫైల్) జోలికి పోదు. మార్పులన్నీ దాని పక్కనే ఒక చిన్న ఎక్స్‌ఎంపీ ఫైల్లో రాసి పెడుతుంది. అదే ఫొటో బ్లాక్ అండ్ వైట్‌లో కూడా కావాలంటే ఇంకో చిన్న ఎక్స్‌ఎంపీ చేరుతుంది, అంతే. ఫొటో రెండోసారి కాపీ కాదు. పెళ్లిళ్లు తీసేవాళ్లకు హార్డ్‌డిస్కులు ఎంత త్వరగా నిండుతాయో తెలుసు, కాబట్టి దీని విలువ విడిగా చెప్పక్కర్లేదు.

ఎంత మేలో ఒక పాత పెళ్లి దగ్గర తెలిసింది. ఫంక్షన్ హాల్లో మండపం నిండా ఊదా రంగు ఎల్ఈడీ లైట్లు. తెల్లటి మధుపర్కాలు ఊదాగా వచ్చాయి, పెళ్లికొడుకు చెంప మీద రంగు ముద్దకట్టింది. అప్పట్లో డార్క్‌టేబుల్‌లో ఉన్న మాడ్యూల్స్‌తో, అంటే పనిముట్లతో, చేయగలిగింది చేసి ఇచ్చాను. తర్వాత 2020 డిసెంబర్‌లో 3.4 వెర్షన్‌తో కలర్ కాలిబ్రేషన్ అనే మాడ్యూల్ వచ్చింది, లైట్ల వల్ల పట్టిన రంగును సరిచేసేది. ఆ జంట పెద్ద ఫ్రేమ్ కట్టించుకుంటామని మళ్లీ వచ్చినప్పుడు అదే రా ఫైల్ తెరిచాను. కలర్ కాలిబ్రేషన్ పికర్‌ను (రంగు ఎంచుకునే గుర్తును) పంచె మీద పెట్టి మొత్తం ఫొటోకు ఒకసారి, ముఖాల వరకే పనిచేసేలా మాస్క్ గీసి ఇంకోసారి సరిచేశాను. పంచె తెల్లబడింది, తలంబ్రాల పసుపు బయటికొచ్చింది, చెంప మీద చర్మం కనిపించింది. ఆ రోజు జేపీఈజీలు (రంగులు ఖాయం చేసి బయటికి తీసిన మామూలు ఫొటో ఫైళ్లు) మాత్రమే దాచి ఉంటే ఇది అయ్యే పని కాదు.

ఇప్పుడు అసలు గొడవకు వస్తాను. ఇంకో పెళ్లిలో ముహూర్తం ఫొటోలు చూసి ఆడపెళ్లివారు "ముఖాలు మరీ పచ్చగా కొడుతున్నాయి, కాస్త తగ్గించండి" అన్నారు. ఒక్కో రంగును విడిగా మార్చే కలర్ జోన్స్ మాడ్యూల్‌లో పసుపు తగ్గించి, ఆ సెట్ మొత్తానికీ అదే మార్పు పేస్ట్ చేసి, వాళ్లు చూసి సరే అన్నాకే జేపీఈజీలు ఆల్బమ్ డిజైనర్‌కు వెళ్లాయి. అతను ఫొటోషాప్‌లో 12x36 అంగుళాల ఆల్బమ్ షీట్లు చేశాడు. మొటిమలు, చెదిరిన జుట్టు తీశాడు, వెనకాల నిలబడ్డ క్యాటరింగ్ కుర్రాళ్లను చెరిపేశాడు, కొన్నిటికి బ్యాక్‌గ్రౌండ్ కట్ చేశాడు. ప్రింట్‌కు పంపే ముందు షీట్లు చూపిస్తే పెళ్లికొడుకు నాయనమ్మగారు మూడు ముళ్ల క్లోజప్ దగ్గర ఆగిపోయారు. "తాడుకు పసుపేది బాబూ? ఉత్త తెల్లదారంలా ఉంది" అన్నారు. ఆవిడ అన్నది నిజమే. తాడే కాదు, పెళ్లికూతురి కాళ్ల పసుపు, తలంబ్రాలు కూడా పాలిపోయాయి.

డార్క్‌టేబుల్ వరకూ ఇది పెద్ద పని కాదు. కలర్ జోన్స్‌కు మాస్క్ పెట్టి ముఖాల వరకే ఉంచాను, మిగతా ఏ మార్పూ కదల్లేదు. మధ్యాహ్నం భోజనాల లోపే కొత్త జేపీఈజీలు తయారు. ఫోన్ చేస్తే డిజైనర్ "అన్నా, నువ్వు కొత్తవి పంపితే నా పని మళ్లీ మొదటికే" అన్నాడు. అతని రీటచింగ్ అంతా పాత జేపీఈజీ పిక్సెల్స్ మీద చేసింది. ఫొటో మార్చి పెడితే మొటిమలూ, క్యాటరింగ్ కుర్రాళ్లూ తిరిగొస్తారు. రీటచింగ్ వేరే లేయర్‌లో దాచిన షీట్లలోనూ లాభం లేకపోయింది, పాత రంగుతో పక్క భాగాన్ని క్లోన్ (కాపీ) చేసి కప్పిన చోటల్లా కొత్త ఫొటో మీద మచ్చ తేలింది. పోనీ ఉన్న జేపీఈజీలోనే పసుపు పెంచుదామా అంటే, 14 బిట్ల రా ఫైల్లో 16,384 వెలుగు మెట్లు ఉండే చోట జేపీఈజీలో ఒక్కో రంగుకు ఉండేవి 256. పోయిన పసుపు అందులోంచి రాదు. చివరికి తాడు మీద బ్రష్‌తో పసుపు పూసి చూశాడు. పురి తిరిగిన నూలు పోగులు పోయి, తాడు కాస్తా ప్లాస్టిక్ వైరులా తయారైంది. ముహూర్తం షీట్లన్నీ మళ్లీ చేయక తప్పలేదు. ఆ డబ్బులు నా చేతి నుంచే పడ్డాయి.

నా బాధ డార్క్‌టేబుల్ ఒక్కదాని మీద కాదు, ఈ పద్ధతి మీద. పక్క ఫైల్లో రాసిన మార్పులు చాలావరకు రాసిన సాఫ్ట్‌వేర్‌కే అర్థమవుతాయి. ఇలాంటిదే ఇంకో సాఫ్ట్‌వేర్ లైట్‌రూమ్, దాని ఎక్స్‌ఎంపీలోంచి కొన్ని మార్పులను డార్క్‌టేబుల్ తీసుకుంటుంది గానీ, దీంట్లో చేసిన మార్పులు ఫొటోషాప్‌కు అందవు. పని చేయి మారిందంటే వెనక్కి వెళ్లే దారి అక్కడితో ఆగినట్టే. జేపీఈజీకి బదులు 16 బిట్ల టిఫ్ ఫైల్ పంపితే రంగు కొంత మెరుగ్గా నిలుస్తుంది, కానీ 24 మెగాపిక్సెల్ ఫొటో కంప్రెస్ చేయకపోతే 144 ఎంబీ. మా డిజైనర్ కంప్యూటర్ పెళ్లి మొత్తానికి అంత బరువు మోయలేదు.

అప్పటి నుంచి మొటిమలు, మచ్చలు డార్క్‌టేబుల్‌లోనే రీటచ్ మాడ్యూల్‌తో తీస్తున్నాను. అది ఎక్స్‌పోజర్, కలర్ కాలిబ్రేషన్‌ల కంటే ముందే నడుస్తుంది, కాబట్టి రంగు తర్వాత ఎంత మార్చినా రీటచింగ్ దానితోపాటే మారుతుంది. చాలా హాయిగా ఉంది. కానీ ఒక ఫొటోలో గీసిన ఆకారాలు పెరిగేకొద్దీ నా పాత గ్రాఫిక్స్ కార్డ్ మొరాయిస్తుంది. బ్యాక్‌గ్రౌండ్ కటింగ్‌కు ఎలాగూ ఫొటోషాప్ తప్పదు.

మొదట్లో పొగిడిన పక్క ఫైల్‌కు కూడా కొన్ని మెలికలున్నాయి. హిస్టరీలో (వరసగా చేసిన మార్పుల జాబితాలో) పాత మెట్టు మీదకు వెళ్లి అక్కడ ఏదైనా కదిపితే, ఆ తర్వాతి మెట్లన్నీ పోతాయి. అందుకే ప్రయోగం చేయాలనుకుంటే ముందు డూప్లికేట్ చేసుకుంటాను. ల్యాప్‌టాప్‌లో చేసిన మార్పులు ఎక్స్‌ఎంపీతో సహా డెస్క్‌టాప్‌లోకి కాపీ చేసినా, ఆ ఫొటో అక్కడి డార్క్‌టేబుల్ లైబ్రరీలో (ఫొటోల జాబితాలో) ముందే ఉంటే మార్పులు కనిపించవు. స్టార్టప్‌లో కొత్త ఎక్స్‌ఎంపీల కోసం వెతకమనే సెట్టింగ్ ఆన్ చేసుకోవాలి.

రా నుంచి ప్రింట్ దాకా అంతా తామే చేసుకునేవాళ్లకు డార్క్‌టేబుల్ వాడమని కళ్లు మూసుకుని చెప్తాను. డిజైనర్ వేరే ఉంటే, ఇంటివాళ్లు రంగులకు సరే అన్నా సరే, తాడు, కాళ్ల పసుపు, తలంబ్రాల క్లోజప్‌లు ఇంట్లో పెద్దవాళ్లకు విడిగా చూపించాకే ఫైళ్లు పంపండి. నెలకు బోలెడు పెళ్లిళ్లు చేసే స్టూడియోలకు ఇది సరిపోతుందో లేదో నేను చెప్పలేను, నావి తక్కువ పెళ్లిళ్లు. కొత్త వెర్షన్‌లో ఒకసారి తెరిచిన లైబ్రరీ పాత వెర్షన్‌లో తెరుచుకోదు. అందుకని ఈ మాఘమాసం పెళ్లిళ్ల ఆల్బమ్‌లు చేతికి అందేదాకా నేనైతే అప్‌డేట్ చేయను.