చెరువు గట్టు నుంచి వచ్చే డీవో రీడింగు: సీ భాషలో ఎలా చదివితే మేలు?

భీమవరం చుట్టుపక్కల ఇంజినీరింగ్ కాలేజీల్లో ప్రాజెక్టుల కాలం వచ్చిందంటే ఒకే ప్రశ్న రకరకాల మాటల్లో నా దగ్గరకు వస్తుంది. రొయ్యల చెరువులో డీవో (నీటిలో కరిగిన ఆక్సిజన్) సెన్సర్ పెట్టాం, గట్టు మీది పెట్టె నుంచి రీడింగులు వైర్‌లెస్‌గా షెడ్డులోని రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటరుకు వస్తున్నాయి, కానీ సీ ప్రోగ్రాం రీడ్ దగ్గర ఆగిపోతోంది. వీమిన్ (రీడ్ తిరిగిరావడానికి కనీసం ఎన్ని బైట్లు కావాలో చెప్పే అంకె), వీటైమ్ (రీడ్‌కు పెట్టే గడువు) మార్చాలా, పోల్ (పోర్టులో ఏమైనా వచ్చిందా అని గడువు పెట్టి కెర్నల్‌ను అడిగే పిలుపు) వాడాలా, చదవడానికి వేరే త్రెడ్ పెట్టాలా అని. సీరియల్ పోర్టు తెరవడం, టెర్మియోస్‌తో వేగం పెట్టడం మీకు తెలుసనే అనుకుని రాస్తున్నాను.

ముందుగా మామూలు రీడ్. పెట్టె ఒక్కో రీడింగును ఒక్కో వరుసగా పంపుతుంటే పోర్టును కెనానికల్ పద్ధతిలోనే ఉంచవచ్చు. వరుస పూర్తయ్యాకే రీడ్ తిరిగివస్తుంది. ఎకో మాత్రం ఆపాలి, లేకపోతే వచ్చిన ప్రతి అక్షరమూ తిరిగి చెరువు వైపే వెళుతుంది. బైనరీ ప్యాకెట్లయితే ఈ పద్ధతి కుదరదు. హెక్స్‌లో 11, 13 విలువలున్న బైట్లను ఎక్స్ఆన్ (పంపు), ఎక్స్ఆఫ్ (ఆపు) గుర్తులనుకుని కెర్నల్ మింగేస్తుంది. సీఎఫ్‌మేక్‌రా ఫంక్షన్ పిలిచి, బైట్లను ఉన్నవి ఉన్నట్టు ఇచ్చే రా పద్ధతికి మారాలి. మారాక ఒక రీడ్‌కు ఒక ప్యాకెట్ వస్తుందన్న ఆశ వదులుకోండి. 12 బైట్ల ప్యాకెట్ ఏడు, అయిదుగా విడిపోయి రావచ్చు, రెండు ప్యాకెట్లు కలిసి ఒకేసారి ఊడిపడవచ్చు. ఏ పద్ధతి ఎంచుకున్నా బఫర్‌లో పోగుచేసి, ప్రారంభ గుర్తు వెతికి, పొడవు చూసి, చెక్‌సమ్ (ప్యాకెట్ దారిలో చెడలేదని చూసే లెక్క) సరిపోయాకే విలువ తీసుకోవాలి. ఎక్స్‌బీ రేడియో మాడ్యూళ్ల ఏపీఐ పద్ధతిలో ప్యాకెట్ హెక్స్‌లో 7ఈ బైటుతో మొదలై, తర్వాత రెండు బైట్లలో పొడవు, చివర చెక్‌సమ్ ఉంటాయి. సొంత ప్యాకెట్ రూపం తయారుచేసుకునేవారికి అది మంచి నమూనా.

ఇక వీమిన్, వీటైమ్. వీటైమ్ లెక్క సెకనులో పదో వంతుల్లో ఉంటుంది, 255 దాటదు కాబట్టి 25.5 సెకన్లే గరిష్ఠం. ఎక్కువమంది పడే గోతి ఒకటుంది. రెండింటికీ సున్నా కాని విలువలు పెడితే వీటైమ్ గడియారం మొదటి బైటు వచ్చాకే కదులుతుంది. పంటు రేవుకు వచ్చాకే గడియారం చూస్తానన్నవాడు, ఆ రోజు పంటే రాకపోతే ఎంతసేపు నిలబడతాడు? రీడ్ కూడా అంతే నిలబడుతుంది. వీమిన్‌ను సున్నా చేస్తే గడువు సరిగ్గానే పనిచేస్తుంది, సమయం మించితే రీడ్ సున్నా ఇస్తుంది. కానీ పోర్టు తెగిపోయినప్పుడూ రీడ్ సున్నా ఇవ్వవచ్చు. రీడింగు ఇంకా రాలేదా, రిసీవర్ ఊడిందా అన్నది ఆ సున్నా చెప్పదు.

ఓ నాన్‌బ్లాక్ అనే ఫ్లాగు (బైట్లు లేకపోయినా రీడ్ ఆగకుండా తిరిగివచ్చే ఏర్పాటు) పెట్టి ఖాళీగా లూపు తిప్పేవారి గురించి చెప్పడానికి పెద్దగా లేదు, ఒక కోర్ అంతా దానికే పోతుంది. త్రెడ్ పెడితే ప్రధాన ప్రోగ్రాం నడుస్తుంది, చదివే త్రెడ్ మాత్రం పాత చోటే ఆగి ఉంటుంది. పైగా రెండు త్రెడ్లు ఒకే విలువను ఒకేసారి తాకకుండా చూసే తాళం, మ్యూటెక్స్ ఒకటి నెత్తిన పడుతుంది. సెలెక్ట్ అనే మరో పిలుపు ఉంది, ఈ పనికి అది పోల్ అన్నట్టే.

అసలు తేల్చాల్సింది వేగమూ కాదు, కోడ్ పొడవూ కాదు. రీడింగు రాకపోతే ఆ సంగతి మీ ప్రోగ్రాంకు తెలుస్తుందా? చెరువులో పగలు నాచు ఆక్సిజన్ తయారుచేస్తుంది, రాత్రి అదీ పీల్చుకుంటుంది. డీవో అన్నిటికన్నా తక్కువగా ఉండేది తెల్లవారే ముందు. అందుకే రైతులు రాత్రంతా నీటిలో గాలి కలిపే ఏరేటర్లు తిప్పుతారు. ఇప్పుడు గట్టు మీది పెట్టెకు కరెంటు ఏరేటర్ల ప్యానెల్ నుంచే ఇచ్చారనుకోండి, చాలా ప్రాజెక్టుల్లో ఇస్తున్నది అలాగే. కరెంటు పోతే ఏరేటర్లూ ఆగుతాయి, పెట్టె కూడా ఆగుతుంది. సరిగ్గా రైతును నిద్ర లేపవలసిన వేళ తెర మీద పాత డీవో రీడింగు 5.2 అలాగే వెలుగుతూ ఉంటుంది. అలాంటి ప్రోగ్రాం కన్నా ఏదీ లేకపోవడం నయం, కనీసం మనిషి లాంతరో టార్చో పట్టుకుని గట్టు మీదికి వెళతాడు.

అందుకే నా మొగ్గు పోల్ వైపు. గడువు మించితే పోల్ సున్నా ఇస్తుంది, బైట్లు వస్తే పోలిన్ అనే గుర్తు, పోర్టు తెగితే పోల్‌హప్ అనే గుర్తు ఇస్తుంది. వీమిన్ 1, వీటైమ్ 0 పెట్టి, పోలిన్ వచ్చినప్పుడే రీడ్ పిలిస్తే రీడ్ ఇచ్చే సున్నాకు పోర్టు తెగిందన్న ఒకటే అర్థం మిగులుతుంది. ప్యాకెట్ 12 బైట్లు కదా అని వీమిన్‌కు 12 ఇవ్వకండి, వీటైమ్ సున్నా అయితే లినక్స్‌లో పోల్ కూడా ఆ 12 నిండేదాకా లేవదు. పక్క చెరువుకు మరో రిసీవర్ తగిలించినా అదే పోల్‌లో ఇంకో వరుస, అంతే.

అయితే పోల్‌హప్ మీదే భారం వేయకూడదు. హెచ్‌సీ 05 లాంటి బ్లూటూత్ మాడ్యూలును ఆర్ఎఫ్‌కామ్ (బ్లూటూత్ మీది సీరియల్) పోర్టుగా చదువుతుంటే, అవతలి పెట్టె ఆగితే లింకు తెగిన కబురు వస్తుంది. ఆ కబురుకు పట్టే గడువు మామూలుగా 20 సెకన్లు. లోరా (దూరం పోయే రేడియో) లేదా 433 మెగాహెర్ట్జ్ రేడియో మాడ్యూలును యూఎస్‌బీకి తగిలిస్తే సంగతి వేరు. పోల్ చూసేది షెడ్డులోని ఆ యూఎస్‌బీ ముక్కనే. చెరువు దగ్గరి పెట్టె నీళ్లలో మునిగినా పోర్టు భేషుగ్గా ఉందనే చెబుతుంది. కాబట్టి చెక్‌సమ్ సరిపోయిన చివరి ప్యాకెట్ ఎప్పుడు వచ్చిందో మోనోటానిక్ గడియారంతో (సిస్టం సమయం మార్చినా వెనక్కి వెళ్లనిది) గుర్తుపెట్టుకోండి. చివరి బైటు కాదు, చివరి మంచి ప్యాకెట్. రేడియోలో చెత్త బైట్లు అప్పుడప్పుడు రాలుతూనే ఉంటాయి. పోల్‌కు ప్రతిసారీ గడువంతా మొదటినుంచీ ఇస్తూ పోతే ఆ చెత్తే గడువును పొడిగిస్తూ ఉంటుంది. మిగిలిన సమయం ఎంతో లెక్కగట్టి అంతే ఇవ్వాలి. పెట్టె నిమిషానికోసారి పంపేటట్టయితే నేను మూడు నిమిషాల గడువు పెట్టి, దాటగానే తెర మీది అంకె తీసేసి బజర్ మోగిస్తాను.

పోల్‌హప్ వచ్చాక పోర్టును మూసివేయడం మరిచిపోతే పోల్ ఆగకుండా వెంటవెంటనే తిరిగివస్తూ సీపీయూను తినేస్తుంది. తిరిగి తెరిచేటప్పుడు రిసీవర్‌కు లినక్స్ ఇచ్చే టీటీవై యూఎస్‌బీ 0 అన్న పేరును నమ్మకండి, పాతది మూయకముందే రిసీవర్ ఊడి మళ్లీ తగిలితే అది 1 అవుతుంది. డెవ్ లోపల సీరియల్, దాని లోపల బై ఐడీ అనే ఫోల్డరులో ఉండే పొడవాటి పేరే వాడండి.