పది రోజుల తూకం, పదకొండో రోజు భోజనం: బరువు తగ్గడానికి వెళ్ళే చోట్లు, అక్కడి లెక్కలు

ప్రకృతి వైద్యశాల నుంచి ఇంటికి బయల్దేరే రోజు చేతికొచ్చే కాగితం మీద రెండు అంకెలుంటాయి. వచ్చిన రోజు బరువు, వెళ్ళే రోజు బరువు. పది రోజుల్లో 82 కాస్తా 78 అయిందంటే ఎవరికైనా సంబరమే. ఆ కాగితం ఫొటో బంధువుల వాట్సాప్ గ్రూపులో తిరుగుతూ ఉండగానే, నాలుగో రోజుకల్లా ఇంట్లో కాటా 80 చూపిస్తుంది. "ఎన్ని చేసినా ఇంతేలే" అని చాలామంది చేతులెత్తేసేది సరిగ్గా ఇక్కడే.

లెక్క ఒక్కసారి చూసుకుంటే ఈ నీరసం ఉండదు. రోజుకు 2,000 కేలరీలు ఖర్చయ్యే మనిషికి అక్కడ 800 కేలరీల తిండి పెడితే లోటు 1,200. పది రోజులకు 12,000. కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7,700 కేలరీల లోటు కావాలి. అంటే నిజంగా కరిగింది కిలోన్నర. మిగతా రెండున్నర కిలోల్లో ఎక్కువ భాగం నీరే. కాలేయంలో, కండరాల్లో శరీరం దాచుకునే గ్లైకోజెన్ అనే చక్కెర నిల్వ తనతో పాటు గ్రాముకు మూడు గ్రాముల దాకా నీటిని పట్టుకొని ఉంటుంది. తిండి తగ్గితే రెండూ కలిసి పోతాయి. ఉప్పు మానేసినందుకు ఇంకొంత నీరు, ఎనిమాతో ఖాళీ అయిన పేగుల బరువు, కాస్త కండ. అన్నం, ఉప్పు మళ్ళీ మొదలుపెట్టగానే నీరు తిరిగొచ్చేస్తుంది. కిలోన్నర మాత్రం మీ సంపాదనే.

కాబట్టి ఈ చోట్లను చూడాల్సింది పదో రోజు కాటాతో కాదు. పదకొండో రోజు మన వంటింట్లో అక్కరకొచ్చేది ఏ చోటు ఎంత నేర్పిందన్నదే కొలత.

హైదరాబాద్ వాళ్ళకు దగ్గరిది అమీర్‌పేట, బల్కంపేట దగ్గరున్న ప్రభుత్వ ప్రకృతి చికిత్సాలయం. బేగంపేట, ఫతేనగర్ మధ్య ఎంఎంటీఎస్ స్టేషన్‌కు పేరే నేచర్ క్యూర్ హాస్పిటల్. గాంధీ ప్రకృతి వైద్య కళాశాల కూడా ఈ ఆవరణలోనిదే. చేరి ఉండొచ్చు, ఓపీలో చూపించుకొని ఇంటికి వెళ్ళిపోనూవచ్చు. బరువు విషయంలో ఈ రెండో పద్ధతికే ఎక్కువ మార్కులు పడాలి. పొద్దున మట్టి పట్టీ, తొట్టి స్నానం అయ్యాక మధ్యాహ్నం తినేది ఇంట్లోనే. వండేవాళ్ళకూ తినేవాళ్ళకూ కొత్త అలవాటు ఒకేసారి పడుతుంది. ఇబ్బంది సాయంత్రాలతోనే. ఇంటికి రాగానే టీవీ ఎదురుగా మిక్చర్ డబ్బా సిద్ధంగా ఉంటుంది. ఆ గంట గట్టెక్కలేమని ముందే తెలిసినవాళ్ళు చేరి ఉండటమే మేలు.

విజయవాడ పక్కన ఉండవల్లి కరకట్ట మీద మంతెన సత్యనారాయణరాజు గారి ఆరోగ్యాలయం సంగతి తెలుగువాళ్ళకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఉప్పు, నూనె, పంచదార లేని వంట. ఇక్కడి పెద్ద లాభం భాష. తిండి గురించి చెప్పేది తెలుగులో, మన సొరకాయ, బీరకాయ, దొండకాయల పేర్లతో చెబితే బుర్రకెక్కుతుంది. చిక్కల్లా అక్కడి నుంచి ఇంటికి వేయాల్సిన గంతు మరీ పెద్దది కావడం. ఉప్పు సున్నా అనే నియమం ఇంట్లో వారం దాటి నిలబెట్టేవాళ్ళు తక్కువ. అది తప్పిన రోజున మిగతా నియమాలన్నీ కట్టకట్టుకొని పోతాయి. తిరిగొచ్చాక ఉప్పు సగం, నూనె సగం అని మొదటి రోజే ఖాయం చేసుకుంటే ఈ ప్రమాదం తప్పుతుంది. మరో చిన్న జాగ్రత్త: ఏ ప్రకృతి వైద్యశాలకు వెళ్ళినా కాఫీ, టీ ఒక్కసారిగా ఆగిపోతాయి, రెండో రోజు తలనొప్పి ఖాయం. వెళ్ళేముందు వారం రోజుల్లో నాలుగు కప్పుల్ని రెండుకు, రెంటిని ఒకటికి దించుకొని వెళ్తే ఆ రోజు మంచానికి అతుక్కుపోనక్కర్లేదు.

కాస్త దూరమైనా పర్లేదనుకుంటే పూణె దగ్గర ఉరులీకాంచన్. 1946 మార్చిలో గాంధీజీ వచ్చి వారం రోజులుండి గ్రామస్థులకు వైద్యం చేసిన ఊరు. ఆ తర్వాత గాంధీజీ అనుచరుడు మణిభాయ్ దేశాయ్ నడిపించిన నిసర్గోపచార్ ఆశ్రమం అక్కడే ఉంది. పూణె నుంచి షోలాపూర్ రోడ్డు మీద 30 కిలోమీటర్ల దూరం. పూణె–దౌండ్ మార్గంలో లోకల్ రైళ్ళు ఉరులీ స్టేషన్లో ఆగుతాయి. రిసార్టు హంగులు ఆశించి వెళ్తే నిరాశే. ప్రార్థన, యోగా, చికిత్సలు, నడక, పెందలాడే నిద్ర, అంతే. మాటలు మరాఠీ, హిందీల్లో. వారానికి తక్కువైతే అంత దూరం వెళ్ళి లాభం లేదు, చికిత్సకు ఒళ్ళు అలవాటు పడటానికే మూడు రోజులు పడుతుంది.

ఇలాంటి చోట్ల భోజనం దగ్గర నిదానంగా కూర్చుంటే అసలు పాఠం కనబడుతుంది. స్టీలు పళ్ళెంలో రెండు పుల్కాలు, ఉడికించిన సొరకాయ ముక్కలు, కీరా, క్యారెట్ తురుము, పల్చటి మజ్జిగ. మొదటి ముద్ద చప్పగా గొంతు దిగదు. మూడో ముద్దకు పుల్కా కాలిన వాసన తెలుస్తుంది. ఐదో ముద్దకు సొరకాయలో తీపి తగులుతుంది. రెండో పుల్కా సగంలో ఉండగా చెయ్యి తనంతట తాను నెమ్మదిస్తుంది. ఇంట్లో ఎనిమిది నిమిషాల్లో ముగిసే భోజనం ఇక్కడ ఇరవై నిమిషాలకు సాగుతుంది. కడుపు నిండిందన్న కబురు మెదడుకు చేరడానికి కావలసిన వ్యవధి దాదాపు అదే. ఇంటికి మోసుకెళ్ళాల్సింది ఈ ఇరవై నిమిషాలనే. చప్పటి సొరకాయ ఇంటికి రాకపోయినా నష్టం లేదు.

పూణె నుంచి సికింద్రాబాద్ వచ్చే శతాబ్దిలో టికెట్‌తో పాటు టీ, టిఫిను, భోజనం వరసపెట్టి సీటు దగ్గరికే వస్తాయి. పది రోజులు చప్పిడి తిన్న నాలుకకు ఆ ట్రే పెద్ద పరీక్ష. టికెట్ తీసేటప్పుడే 'నో ఫుడ్' ఎంచుకుంటే డబ్బూ మిగులుతుంది, పరీక్షా తప్పుతుంది. బయల్దేరే ముందు ఆశ్రమం వంటశాలలో అడిగి రెండు పుల్కాలు, నాలుగు కీరా ముక్కలు కట్టించుకోండి.

బెంగళూరు తుమకూరు రోడ్డు మీది జిందాల్, ధర్మస్థల శాంతివన ప్రకృతి వైద్యశాలలది వేరే స్థాయి. విశాలమైన ఆవరణ, గదుల్లో రకరకాల తరగతులు, పద్ధతి ప్రకారం నడిచే చికిత్సలు. గది హోదా పెరిగే కొద్దీ బిల్లు పెరుగుతుంది. కొవ్వు కరిగే లెక్క మాత్రం జనరల్ వార్డులోనూ కాటేజీలోనూ ఒకటే. జేబు అనుమతిస్తే వెళ్ళొచ్చు. అప్పు చేసి వెళ్ళాల్సిన చోట్లు కావు.

మౌనంగా ఉంచి ధ్యానం నేర్పే విపశ్యన కేంద్రాలను ఈ జాబితాలో చేర్చడానికి కొంచెం సంకోచించాలి. అవి బరువు తగ్గించే చోట్లు కావు, ఆ ఉద్దేశంతో వెళ్ళకూడదు కూడా. కానీ తిండి మీద ఎరుక అన్న మాటకు అర్థం అక్కడ తెలిసినంతగా మరోచోట తెలియదు. హైదరాబాద్ దగ్గర నాగార్జునసాగర్ రోడ్డు మీద ధమ్మఖేత్త, సాగర్ దగ్గర ధమ్మ నాగజ్జున ఉన్నాయి. శిబిరం పది రోజులు. రుసుము లేదు, పూర్తి చేసినవాళ్ళు మాత్రమే తోచినంత విరాళం ఇవ్వొచ్చు. ఫోను అప్పగించాలి, మాట్లాడకూడదు, తెల్లవారుజామున 4 గంటలకు గంట మోగుతుంది. ఆరున్నరకు టిఫిను, 11 గంటలకు భోజనం. సాయంత్రం 5 గంటలకు కొత్తవాళ్ళకు పండు, టీ లాంటివి. ఇదివరకు శిబిరం చేసినవాళ్ళకు నిమ్మనీళ్ళే. సొంతంగా ఉపవాసాలు, యోగాసనాలు అక్కడ కుదరవు, నడక ఒక్కటే. కాబట్టి కాటా పెద్దగా కదలకపోవచ్చు. దక్కేది వేరొకటి ఉంది. రాత్రి ఎనిమిదింటికి ఏదైనా నమలాలన్న కోరిక లేస్తుంది, తీర్చుకునే దారి ఉండదు, కళ్ళు మూసుకొని చూస్తూ కూర్చుంటే పది పదిహేను నిమిషాల్లో దానంతట అదే చల్లారుతుంది. ఒకసారి ఇది అనుభవానికి వచ్చిన మనిషికి మిక్చర్ డబ్బా ముందు గడియారం చూసుకోవడం తెలుస్తుంది. మధుమేహం, మానసిక సమస్యలు ఉన్నవాళ్ళు దరఖాస్తులోనే ఆ సంగతి దాచకుండా రాయాలి.

ఇక మెట్ల దారి. తిరుమలకు అలిపిరి నుంచి 3,550 మెట్లు, సుమారు 9 కిలోమీటర్లు. శ్రీవారి మెట్టు నుంచి 2,388 మెట్లు, రెండు కిలోమీటర్ల పైచిలుకు. రెండోది పొట్టిదని తేలిగ్గా తీసుకుంటారు. ఎక్కడమంతా ఒకే బిగిన ఉంటుంది కాబట్టి బరువున్నవాళ్ళకు అదే కష్టం. అలిపిరి దారి మొదట్లో గాలి గోపురం దాకా ఆయాసం, మధ్యలో చదును దారి, చివర మోకాళ్ళ పర్వతం. బరువు 90 దాటినవాళ్ళకు ఇదే నయం, నడుమ ఊపిరి పీల్చుకోవచ్చు. అలిపిరిలో సామాను అప్పగిస్తే తితిదే వాళ్ళే ఉచితంగా కొండకు చేరుస్తారు. రెండు లీటర్ల నీళ్ళు మోసుకెళ్ళే అవసరం లేదు, దారిలో దొరుకుతాయి. దిగేటప్పుడు మాత్రం బస్సెక్కండి. మోకాళ్ళు దెబ్బతినేది దిగడంలోనే.

75 కిలోల మనిషికి శ్రీవారి మెట్టు ఎక్కితే ఖర్చయ్యేది 300 నుంచి 400 కేలరీలు. 175 గ్రాముల లడ్డూ ఒక్కటి పూర్తిగా తింటే 600 దాటుతుంది. ప్రసాదాన్ని ప్రసాదంలా, చిటికెడు కళ్ళకద్దుకొని తింటే ఏ లెక్కా అక్కర్లేదు. ఏడాదికి ఒకసారి ఎక్కితే ఒళ్ళు నొప్పులే మిగులుతాయి. మెట్ల మొక్కు అసలు విలువ ముందున్న మూడు నెలలది. తేదీ పెట్టుకొని, రోజూ అపార్టుమెంటు మెట్లు పది అంతస్తుల లెక్కన ఎక్కడం మొదలుపెట్టి, వారం వారం రెండు అంతస్తులు పెంచుకుంటూ పోయేవాళ్ళకు ఆ తేదీయే పట్టుదల. ఆరంభశూరత్వానికి ఇంతకు మించిన మందు దొరకదు. అరుణాచలం గిరి ప్రదక్షిణ 14 కిలోమీటర్లు, సింహాచలం 32. వాటికీ ఇదే పద్ధతి.

ఇప్పుడు బుకింగ్ ముందు అడగాల్సినవి. డాక్టరు బీఎన్‌వైఎస్ (ప్రకృతి వైద్యం, యోగా డిగ్రీ) చదివినవారా, రాత్రి పూట డ్యూటీ డాక్టరు ఉంటారా, ప్యాకేజీలో ఏయే చికిత్సలు కలిసి ఉన్నాయి, మధ్యలో వెళ్ళిపోతే డబ్బు ఎంత వెనక్కిస్తారు. చేరే రోజునే పది రోజులు రసాల మీద ఉంచుతామని అందరికీ ఒకే మాట చెప్పే చోటికి వెళ్ళకండి. మధుమేహానికి ఇన్సులిన్ గానీ, గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడేవాళ్ళకు తిండి ఒక్కసారిగా తగ్గితే చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. డాపాగ్లిఫ్లోజిన్ వంటి మధుమేహం మందులతో ఉపవాసం చేస్తే రక్తంలో కీటోన్లు (కొవ్వు కరిగేటప్పుడు తయారయ్యే ఆమ్లాలు) పేరుకుపోయే ముప్పుంది. బీపీ మాత్రలు అదే మోతాదులో వేసుకుంటే మూడో నాటికి లేచి నిలబడగానే కళ్ళు తిరుగుతాయి. మోతాదు మార్పు మీ డాక్టరుతో కాగితం మీద రాయించుకొని వెళ్ళండి. పిత్తాశయంలో రాళ్ళున్నవాళ్ళు, గర్భిణులు ఈ ఉపవాసాల జోలికి పోకూడదు. మాంసకృత్తుల సంగతీ అడగండి. రసాలు, పండ్లతో పది రోజులు గడిస్తే పోయేదాంట్లో కండ వాటా పెరుగుతుంది. మొలకలు, పెరుగు ఇస్తారా అన్నది చిన్న ప్రశ్నే అయినా, సమాధానంతో ఆ చోటు ఎలాంటిదో తెలిసిపోతుంది.

సంచిలో రెండు తువ్వాళ్ళు, మట్టి పట్టీకి పాడైనా పర్లేదనుకునే నూలు బట్టలు, ఒక కొలత టేపు. నడుం చుట్టుకొలత బరువు కంటే నిజం చెబుతుంది. మన దేశపు కొలమానం ప్రకారం మగవాళ్ళకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకు 80 దాటకూడదు.

ఇంటికొచ్చాక మొదటి మూడు వారాలు. నూనె డబ్బా మీద తేదీ రాయండి. నలుగురున్న ఇంటికి నెలకు రెండు లీటర్లు చాలు, మనిషికి రోజుకు మూడు చెంచాల పైన పడుతుంది. అన్నం పళ్ళెంలోకి గిన్నెతో కొలిచి పెట్టుకోండి, 150 గ్రాముల అన్నం అంటే సుమారు 200 కేలరీలు. ముందు కూర, పప్పు సగం తిన్నాక అన్నం కలపండి. రాత్రి భోజనం ఏడున్నరలోపు, ఆ వెంటనే పావుగంట నడక. పెళ్ళి భోజనం ఒకటి తగిలితే మర్నాడు ఉపవాసం చేయకండి. ఉపవాసం మూడో రోజుకు ఆవురావురుమని తినిపిస్తుంది. మర్నాటి నుంచి మామూలు కొలతకు వచ్చేస్తే చాలు.

ఇంటికొచ్చిన ఐదో రోజు పొద్దున, దొడ్డికి వెళ్ళొచ్చాక, ఏమీ తినకముందు కాటా ఎక్కండి. వైద్యశాల కాగితం మీద ఆ రెండు అంకెల పక్కనే మూడోది రాయండి. 80 వస్తే మీ అసలు మొదలు 80. ఇక నుంచి పోల్చుకోవాల్సింది దీనితోనే, 78ని మరిచిపోవచ్చు. వారానికి మూడు రోజులు తూచి సగటు వేయండి. సగటు వరసగా రెండు వారాలు కిలో పైన ఎక్కువుంటే ముందుగా నూనె డబ్బా మీది తేదీ, రాత్రి భోజనం వేళ చూసుకోండి. తొంభైపాళ్ళు ఈ రెండింట్లోనే ఏదో జారి ఉంటుంది. అవి సర్దుకోకుండా మళ్ళీ పది రోజులకు గది బుక్ చేస్తే, మళ్ళీ అదే కిలోన్నరకు రెండోసారి డబ్బు కట్టడమే.