కిట్టా, అగ్గిపుల్లా, బడి కుళాయా: పిల్లల బుర్రకు ఏది మేలు?

మా హైస్కూల్లో పదో తరగతి చదివి ఇప్పుడు డాలస్‌లో ఉద్యోగం చేస్తున్న కుర్రాడు జూన్‌లో ఫోన్ చేశాడు. "పిల్లల్లో క్రియేటివిటీ పెరగాలి సార్. యాభై వేలు పంపిస్తాను, ఏం కొనాలో మీరే చూడండి" అన్నాడు. స్టాఫ్ రూమ్‌లో ఈ మాట చెప్పగానే మూడు పార్టీలు తయారయ్యాయి. లెక్కల మాస్టారు రోబోటిక్స్ కిట్లు కొందామన్నారు. తెలుగు టీచర్‌గారు అగ్గిపుల్లలు, అట్టముక్కలతో బొమ్మలు చేయిస్తే డబ్బు కూడా మిగులుతుందన్నారు. సోషల్ మాస్టారేమో అసలు కొనడమెందుకు, బడిలో ఉన్న సమస్యల్నే పిల్లల ముందు పెట్టమన్నారు. మూడూ ఏదో ఒక రూపంలో చేయించి, మూడింటిలోనూ దెబ్బతిన్న ఫిజిక్స్ మాస్టారిని కాబట్టి, నా లెక్క నేను రాస్తున్నాను.

నేను చూసేది ఒక్కటే. పిల్లవాడు చేసింది పాడైతే, మళ్ళీ చేయడానికి వాడికి సామానూ టైమూ ధైర్యమూ మిగులుతాయా? మొదటిసారి చేసింది ఎక్కడో చూసిందే అయ్యుంటుంది, అందులో తప్పేం లేదు. దాన్ని ఇంకొకళ్ళు వాడుతుంటే ఎక్కడ ఇబ్బంది పడుతున్నారో చూసి, రెండోసారి మార్చేటప్పుడే వాడి సొంత బుర్ర కదులుతుంది. నా దృష్టిలో క్లాసులో డిజైన్ నేర్పడమంటే ఇదే.

ముందు కిట్ల సంగతి. నీతి ఆయోగ్ 2016లో మొదలుపెట్టిన అటల్ టింకరింగ్ ల్యాబులు 6 నుంచి 12 తరగతుల పిల్లల కోసం. ఒక్కో బడికి 20 లక్షల రూపాయల దాకా ఇస్తారు. త్రీడీ ప్రింటర్, ఆర్డువినో బోర్డులు (కోడ్ రాసి నడిపించే చిన్న సర్క్యూట్ బోర్డులు), సెన్సర్లు, పనిముట్లు అన్నీ ఉంటాయి. ఐదేళ్ళలో ప్రభుత్వ బడుల్లో 50,000 ల్యాబులు పెడతామని 2025 కేంద్ర బడ్జెట్లో చెప్పారు. కాబట్టి ఇవాళ లేని బడికి రేపు రావచ్చు. నేను చూసిన ఒక ల్యాబ్‌లో ప్రింటర్ మీద గుడ్డ కప్పి ఉంది, బీరువాకు తాళం ఉంది, తాళంచెవి ఉన్న సార్ ఆరోజు సెలవులో ఉన్నారు. అదేమిటని అడిగితే "పాడైతే ఎవరు బాధ్యులండీ" అన్నారు. ఆయన్ని తప్పుపట్టలేం. స్టాక్ రిజిస్టర్‌లో సంతకం పెట్టింది ఆయనే కదా.

ఇంకో చిక్కు ఏమిటంటే, ఏ సైన్స్ ఎగ్జిబిషన్‌కు వెళ్ళినా రెండు ప్రాజెక్టులు ఖాయం. చెయ్యి దగ్గరకు పెడితే మూత తెరుచుకునే చెత్తబుట్ట ఒకటి, అడ్డం వస్తే కీ కీ మనే చూపులేనివారి చేతికర్ర ఒకటి. రెండూ ఒకే అల్ట్రాసోనిక్ సెన్సర్‌తో (చెవికి వినపడని శబ్దంతో దూరం కొలిచేది), ఒకే వీడియో చూసి చేసినవి. "ఈ కర్రను చూపులేని వాళ్ళెవరికైనా ఇచ్చి నడిపించారా?" అని అడిగితే పిల్లలు సార్ వైపు చూస్తారు, సార్ జడ్జి వైపు చూస్తారు.

అయినా కిట్లను కొట్టిపారేయను. కోడ్‌లో ఒక గొప్ప గుణం ఉంది. వందసార్లు మార్చినా పైసా ఖర్చు లేదు, తప్పు వెంటనే తెలిసిపోతుంది. కానీ మా బడిలో నలభై రెండు మంది పిల్లలకు రెండు బోర్డులొస్తే వాటి చుట్టూ నలుగురు చేరతారు, మిగతావాళ్ళు మెడలు చాపి చూస్తుంటారు. ఆ నలుగురూ ఎవరో మీకు నేను చెప్పక్కర్లేదు.

అగ్గిపుల్లల దారికి మన దేశంలో పెద్దదిక్కు అరవింద్ గుప్తా. ఐఐటీ కాన్పూర్‌లో ఇంజనీరింగ్ చదివి, మధ్యప్రదేశ్‌లో హోషంగాబాద్ సైన్స్ కార్యక్రమంలో పనిచేస్తూ సైకిల్ వాల్వ్ ట్యూబు ముక్కలతో అగ్గిపుల్లల్ని కలిపే పద్ధతి కనిపెట్టారు. 2018లో పద్మశ్రీ వచ్చింది. చూడ్డానికి ఏమీ లేదు. పుల్ల కొసన మందు గీకేసి, చిన్న ట్యూబు ముక్కకు ఆ చివరొకటి ఈ చివరొకటి దూర్చాలి. మూడో పుల్ల కలపాలంటే ముక్క మధ్యలో ముల్లుతో పొడిచి అందులో పెట్టాలి.

మూడు పుల్లలు కలిపితే త్రిభుజం. ఎటు నొక్కినా కదలదు. నాలుగు కలిపితే చతురస్రం, చెయ్యి తగలగానే పక్కకు వాలిపోతుంది. కర్ణం అడ్డంగా పెడితే మళ్ళీ గట్టిపడుతుంది. ఆరో తరగతి అమ్మాయి ఒకతె ఆ పుల్లను పదిసార్లు తీసి, పదిసార్లు పెట్టి, "అందుకేనా సార్, కరెంటు టవర్లకు అన్ని అడ్డకమ్మీలు!" అంది. అప్పటికి నేను పాఠం మొదలే పెట్టలేదు. అగ్గిపెట్టె ఖరీదు రెండు రూపాయలు. విరిగితే ఇంకో పుల్ల. ఎవరికీ టెన్షన్ లేదు.

మరి దీంట్లో నేను తిన్న దెబ్బేమిటి? మొదటి ఏడాది నేనొక ఇల్లు చేసి చూపించాను. పీరియడ్ అయ్యేసరికి నలభై రెండు ఇళ్ళు తయారయ్యాయి, అచ్చు గుద్దినట్టు. అది క్రాఫ్ట్ పీరియడ్ అయింది తప్ప డిజైన్ కాలేదు. మరుసటి ఏడాది నేను చేయడం మానేసి పని చెప్పాను: "నాలుగంగుళాల ఎత్తున నోట్‌బుక్ నిలబడాలి, ముప్ఫై పుల్లలు మించకూడదు." ఎనిమిది గుంపుల్లో ఆరు కూలిపోయాయి. రెండో పీరియడ్‌లో ఏ రెండూ ఒకలా లేవు. సామాను అదే, మాస్టారూ అదే. అడిగిన తీరు మార్చానంతే.

ఇక మూడోది, బడిలోని సమస్యల్నే పిల్లల ముందు పెట్టే దారి. నా అభిమానం దీనికే అని ముందే ఒప్పేసుకుంటున్నాను. అహ్మదాబాద్‌లో రివర్‌సైడ్ స్కూల్ పెట్టిన కిరణ్ బీర్ సేఠీ స్వతహాగా డిజైనర్. పిల్లలే తమ చుట్టూ ఉన్న సమస్యల్ని పరిష్కరించేలా ఆమె 2009లో మొదలుపెట్టిన డిజైన్ ఫర్ చేంజ్ కార్యక్రమంలో నాలుగు మెట్లుంటాయి: ఫీల్, ఇమాజిన్, డూ, షేర్. ఇబ్బందిని గమనించు, ఊహించు, చెయ్యి, నలుగురికీ చెప్పు. నా మాట చెల్లితే మూడో మెట్టుకూ నాలుగో మెట్టుకూ మధ్య "మళ్ళీ చెయ్యి" అని ఇంకొకటి పెడతాను.

నిరుడు ఎనిమిదో తరగతికి మధ్యాహ్న భోజనం తర్వాత కుళాయిల దగ్గర జరిగే తోపులాటను ఇచ్చాను. ఐదు కుళాయిలున్నాయి. "ఇంకో నాలుగు పెట్టిస్తే సరి సార్" అని అరనిమిషంలో తేల్చేశారు. మూడు రోజులు ఊరికే నిలబడి చూసి రాసుకోమన్నాను. మొదటి రోజు విసుక్కున్నారు. మూడో రోజుకు అసలు సంగతి బయటపడింది. తోపులాటంతా మొదటి రెండు కుళాయిల దగ్గరే. చివరి మూడింటి దగ్గర తూము ఉంది. అన్నం మెతుకులు, ములక్కాడ పిప్పి అడ్డుపడి అక్కడ నీళ్ళు నిలుస్తాయి, కాళ్ళు తడుస్తాయి. అందుకని ఎవరూ అటు పోరు. ఇంకో నాలుగు కుళాయిలు పెట్టినా అవీ అలాగే ఖాళీగా ఉండేవి.

తూముకు పాత దోమల జాలీ కట్టారు. రెండో రోజుకే అది మూసుకుపోయి, నీళ్ళు ఇంకా పైకొచ్చాయి. తర్వాత మెతుకులు వేయడానికి ఓ పక్కన బకెట్ పెట్టారు. ఎవరూ పట్టించుకోలేదు. అదే బకెట్‌ను కుళాయిలకు వెళ్ళే దారిలో, స్టూలు మీద, చేతికందే ఎత్తున పెట్టాక పళ్ళేలు అందులో దులపడం మొదలైంది. పని అయిపోయిందనుకున్నాం. అప్పుడు వంట చేసే ఆయమ్మ వచ్చి, "నిండాక ఇంత బరువు నేనెట్టా దించేది బాబూ? చిన్నది పెట్టండి" అంది. పెద్ద బకెట్ పోయి రెండు చిన్న పెయింటు డబ్బాలొచ్చాయి. ఆయమ్మ ఇబ్బంది మా పిల్లలకు తట్టలేదు, నిజం చెప్పాలంటే నాకూ తట్టలేదు.

ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం చేసిందీ ఇదే దారిలో. ఆరో తరగతితో బడి మానేసిన మనిషి. చీర నేసే ముందు నూలును మేకుల చుట్టూ తిప్పే ఆసు పోస్తూ రోజుకు వేలసార్లు చెయ్యి ఆడించి అమ్మ భుజం నొప్పితో బాధపడుతుంటే చూడలేక యంత్రం మొదలుపెట్టారు. ఏడేళ్ళు పట్టింది. దానికి అమ్మ పేరే పెట్టారు, లక్ష్మీ ఆసు యంత్రం. 2017లో పద్మశ్రీ వచ్చింది.

ఈ దారి సుఖమని మాత్రం చెప్పను. కుళాయిల పనికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ హెచ్ఎంగారు సిలబస్ ఎంతవరకు వచ్చిందని అడుగుతూనే ఉన్నారు. సమస్యను పెద్దది చేసి ఇస్తే ఇంకా ప్రమాదం. "ప్లాస్టిక్ కాలుష్యం" అని ఇచ్చి చూడండి, రెండు చార్టులూ ఒక ర్యాలీతో ముగుస్తుంది. మూడు వారాలు దొరకని బడులు 2020 జాతీయ విద్యా విధానంలో 6 నుంచి 8 తరగతులకు చెప్పిన పది బ్యాగు లేని రోజుల్ని వాడుకోవచ్చు. వడ్రంగి, కుమ్మరి, తోటమాలి లాంటివాళ్ళ దగ్గర పని చూడమనే ఆ రోజుల ఉద్దేశం.

అదీ కుదరదు, ఒక్క పీరియడే ఉందంటారా? ఒక చెంబు పట్టుకెళ్ళండి. చార్ల్స్, రే ఈమ్స్ అనే అమెరికా డిజైనర్ దంపతులు 1958లో మన ప్రభుత్వానికి ఇచ్చిన నివేదికలో, ఈ దేశంలో తాము చూసిన వస్తువులన్నిటిలోకీ ఎక్కువగా మెచ్చుకున్నది చెంబునే. అహ్మదాబాద్‌లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ 1961లో వచ్చింది ఆ నివేదిక వల్లే. మెడ ఎందుకు సన్నం? అంచు ఎందుకు బయటికి వంగింది? నిండుగా ఉన్నప్పుడు, ఖాళీగా ఉన్నప్పుడు చేతిలో బరువు ఎలా మారుతుంది? చంకన పెట్టుకుంటే? మా తొమ్మిదో తరగతి నలభై ఐదు నిమిషాలూ దాని మీదే కొట్టుకుంది.

అందుకని నా ఓటు ఇలా. ఆరు, ఏడు తరగతులకు అగ్గిపుల్లలు. ఎనిమిది, తొమ్మిదికి బడిలోని ఇబ్బందులు, ఒక్కసారికి ఒక్కటే, అదీ చిన్నది. ఆ పనిలో ఎవరికైనా నిజంగా సెన్సర్ కావాల్సి వస్తే, అప్పుడు కిట్. ముందు కిట్ కొని తర్వాత దానికో సమస్య వెతకడం నాకు మింగుడుపడదు. పదో తరగతి జోలికి పోను, వాళ్ళ బాధలు వాళ్ళవి.

లెక్కల మాస్టారు ఇంకా ఒప్పుకోలేదు. డాలస్ కుర్రాడికి మాత్రం లెక్క పంపించాను: పదిహేను వేలకు కత్తెరలు, చేతి రంపాలు, స్క్రూడ్రైవర్లు, కొలత టేపులు, తాళం లేని అల్మారా. మిగతా ముప్ఫై ఐదు వేలతో ఏం కొనాలో డిసెంబర్‌లో పిల్లలే చెప్తారని రాశాను. సరేనన్నాడు గానీ, ఫ్రెండ్స్‌కు చూపించడానికి ఒక ఫొటో అడిగాడు. పెయింటు డబ్బాలు ఫొటోలో ఏం బావుంటాయి? మూసుకుపోయిన ఆ మొదటి జాలీని పారేయకుండా కడిగి ల్యాబ్ గోడకు మేకు కొట్టి తగిలించాం, దాన్ని తీసి పంపాను. "ఇదేంటి సార్?" అని మెసేజ్ పెట్టాడు. ఆదివారం తీరిగ్గా ఫోన్ చేయమన్నాను.