ఒక్క గుండీ కోసం విజయనగరం నుంచి బుడితి దాకా

మా తాతగారు బెంగాల్ నాగపూర్ రైల్వేలో గార్డు. ఆయన కోటుకు ఐదు ఇత్తడి గుండీలు. ఒకదాని వెనక కొక్కెం విరిగిపోయింది. దాన్ని బాగుచేయిద్దామని, ఆయన డ్యూటీ చేసిన దారీ చూద్దామని మొన్న మాఘమాసంలో బయల్దేరాను.

మొదటి రాత్రి విజయనగరం స్టేషన్ దగ్గర లాడ్జిలో దిగాను. గది శుభ్రంగా ఉంది, వేడినీళ్లు అడగ్గానే తెచ్చారు. రాత్రంతా రైళ్ల చప్పుడు. నాకైతే హాయిగానే ఉంది. బాధపెట్టింది ఇస్త్రీ. కోటు ఇస్తే, గుండీలు మాసిపోయాయనుకుని చింతపండుతో తళతళలాడేలా తోమి తెచ్చారు. డెబ్బై ఏళ్ల నలుపు ఒక్క పూటలో పోయింది. ఇలాంటి పాత యూనిఫాం ఇంట్లో ఉంటే ఒక సంగతి గుర్తుంచుకోండి. ఈ గుండీలు దారంతో కుట్టినవి కావు. గుడ్డకున్న కన్నంలోంచి కొక్కెం అవతలికొస్తుంది, దానికి చిన్న రింగు తొడుగుతారు. రింగు లాగితే గుండీ చేతిలోకొస్తుంది. అన్నీ తీసి దాచుకున్నాకే కోటు చాకలికివ్వండి. విరిగింది నా జేబులో ఉంది కాబట్టి బతికిపోయింది.

ఆ గుండీ మీద బి.ఎన్.ఆర్. అని మూడక్షరాలు, అంటే బెంగాల్ నాగపూర్ రైల్వే. వయసు లెక్కకు అవే ఆధారం. 1944లో కంపెనీ ప్రభుత్వం చేతికొచ్చింది, 1952లో ఈస్టర్న్ రైల్వేలో కలిసింది, 1955లో ఇటువైపు లైను సౌత్ ఈస్టర్న్ అయింది. అంటే ఈ గుండీ 1952కి ముందుదే.

గంటస్తంభం దగ్గర నాలుగు షాపులు తిరిగాను. అందరూ కొత్తది కొనుక్కోమన్నారు.

మర్నాడు రైలెక్కి శ్రీకాకుళం రోడ్డులో దిగాను. పేరు చూసి ఊళ్లోనే దిగుతామనుకోకండి, స్టేషన్ ఆమదాలవలసలో ఉంది. ఆటోవాళ్లు చెప్పే రేటు కంటే బస్సు నయం. ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర తీసుకున్న గదికి అద్దె ఎక్కువ, గాలి తక్కువ. మళ్లీ వెళ్తే విజయనగరంలోనే ఉంటాను.

బుడితికి నరసన్నపేట మీదుగా వెళ్లాను. కంచు, ఇత్తడి పనికి పేరున్న ఊరు. వీలైతే రోజంతా దీనికే కేటాయించండి. కొలిమి దగ్గర కూర్చున్న పెద్దాయన గుండీని అరచేతిలో ఎగరేసి, గోటితో కొట్టి, చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"ఇది పోత కాదు బావూ. పల్చటి రేకుని అచ్చుతో కొట్టినారు. ఎనకాల ఇంకో రేకు ఎట్టి అంచు మడిసినారు. మా పోతలో అచ్చరాలు ఇంత సన్నంగా పడవు" అన్నాడు.

కొత్తది పోయమని అడగలేదు. కొక్కేనికి మాటు వేస్తే చాలన్నాను. వేడికి మడత విప్పుకోకుండా గుండీ ముఖాన్ని తడిమట్టిలో అదిమి, ఇత్తడి తీగ వంచి, టీ తాగేలోపు అతికించేశాడు. డబ్బులు వద్దంటే ఒక చెంబు కొన్నాను.

"నలుపు తోమీమంటారేటి?" అని అడిగాడు. వద్దన్నాను.