కట్టె లోపలి తడి చెప్పే మీటర్: కొన్ని చలికాలాలు వాడాక

అమెరికాలోని న్యూ హాంప్‌షైర్‌లో మా ఇంటికి చలికాలమంతా కట్టెల స్టవ్వే ఆధారం. స్టవ్‌కీ పొగగొట్టానికీ పెట్టిన డబ్బు సంగతి అలా ఉంచితే, అన్నిటికన్నా అక్కరకొచ్చింది మాత్రం ముప్పై డాలర్లలోపు దొరికే రెండు పిన్నుల తేమ మీటర్. బ్యాటరీ, స్క్రీన్ గురించి చెప్పడానికేమీ లేదు, ఈ ధరలో అన్నీ ఒకలాగే ఉంటాయి. నాకు ఇది ఇంతగా నచ్చడానికి కారణం ఒక్కటే. అప్పుడే చీల్చిన కట్టె మధ్యలో నార వెంబడి పిన్నులు గుచ్చితే చాలు, అమ్మినవాడి మాటతో పని లేకుండా లోపలి సంగతి బయటపడుతుంది.

ఇక్కడ కట్టెలు కార్డ్ లెక్కన అమ్ముతారు. నాలుగడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు, ఎనిమిదడుగుల పొడవున పేరిస్తే ఒక కార్డ్, అంటే 128 ఘనపుటడుగులు. ఆ కొలత టేపు పెట్టి చూసుకోవచ్చు. ‘బాగా ఎండినవి’ అన్న మాటను దేనితో కొలుస్తాం? ఒక సెప్టెంబరులో ఒకాయన, రెండేళ్ళు ఎండిన రెడ్ ఓక్ అని చెప్పి ట్రక్కు నిండా తెచ్చి మా వాకిట్లో పోశాడు. చూడ్డానికి వంక పెట్టేలా లేవు. ముక్కల చివర్లు బూడిద రంగుకు తిరిగాయి, నెర్రెలు కూడా విచ్చాయి.

అప్పుడు మా నాన్న మా దగ్గరే ఉన్నారు. ఊళ్ళో సరుగుడు కట్టెలు కొన్న అలవాటు ఆయనది. రెండు ముక్కలు తీసి ఒకదానికొకటి కొట్టి చూశారు. “ఖంగుమన్నాయిరా, ఎండినవే. డబ్బులిచ్చెయ్” అన్నారు. నేను లావుపాటి ముక్క ఒకటి నిలబెట్టి గొడ్డలితో చీల్చాను. లోపల లేత గులాబీ రంగు, పులిసిన వాసన. పిన్నులు ఏ బలమూ పెట్టకుండానే దిగిపోయాయి. 34 శాతం తేమ చూపించింది. అదే ముక్కకి పైవైపు గుచ్చితే 17. నాన్న నమ్మలేదు. మీటర్ తన చేతిలోకి తీసుకుని, “ఇంకోటి చీల్చు” అన్నారు. అదీ అంతే. ముప్పై దాటాక ఈ మీటర్లు చూపే అంకె అంత కచ్చితం కాదు గానీ, పచ్చిదని తెలియడానికి అది చాలు. ట్రక్కాయన ఇక వాదించలేదు, పచ్చి కట్టె ధరకే ఇచ్చి వెళ్ళాడు.

ఇక్కడి పర్యావరణ సంస్థ ఈపీఏ 20 శాతం లోపు తేమ ఉన్న కట్టెలే కాల్చమంటుంది. పచ్చి కట్టె పెడితే దాని నీళ్ళు ఆవిరి కావడానికే మంటలో కొంత ఖర్చయిపోతుంది. పొగ చల్లగా పైకెళ్ళి గొట్టం గోడలకి తారుగా పడుతుంది. ఆ తారు అంటుకుంటే ఇంటికే ముప్పు. అందుకే ఆ ఓక్‌ని ఆ ఏడు ముట్టుకోకుండా యాష్ కొన్నాను. యాష్ నరికినప్పుడే తక్కువ నీరుండే చెట్టు. ఎమరాల్డ్ యాష్ బోరర్ అనే పురుగు 2002లో మిషిగన్‌లో బయటపడి, 2013 నాటికి మా రాష్ట్రంలోనూ కనబడింది. దానివల్ల చచ్చిన యాష్ చెట్లు ఇప్పుడు ఎక్కడ చూసినా కొట్టేస్తున్నారు. ఆ పురుగు కట్టెలతోపాటే ఊళ్ళు దాటుతుంది కాబట్టి, చవగ్గా వస్తున్నాయని దూరం నుంచి తెప్పించుకోవద్దని మాత్రం గట్టిగా చెబుతాను.

ఇంతగా మెచ్చుకున్న మీటర్ ఒక జనవరిలో నన్ను బాగానే ఇబ్బంది పెట్టింది. బయట మైనస్ 15 దగ్గర ఉంది. ఏడాది దాటి పేర్చి ఉన్న ఓక్‌లోంచి ఒకటి తీసి, అక్కడే చీల్చి గుచ్చితే 18 చూపించింది. సంబరంగా ఒక మోపు లోపలికి తెచ్చి స్టవ్‌లో పెట్టాను. కాసేపటికి ముక్కల చివర్ల నుంచి బుడగలు, సుయ్ మని చప్పుడు. గాలి పూర్తిగా వదిలినా మంట లేవదు. తెల్లారేసరికి స్టవ్ తలుపు అద్దం నల్లగా మాడిపోయింది, ఇల్లు చల్లబడిపోయింది, పిల్లలు రజాయిలు వదిలి బయటికి రాలేదు. రాత్రంతా ఇంట్లో ఉన్న ఒక ముక్కని మళ్ళీ చీల్చి చూస్తే 25.

తర్వాత విషయం అర్థమైంది. తడి ఉన్న కట్టెలో కరెంటు సులువుగా పారుతుంది. కరెంటుకి కట్టె ఎంత అడ్డుపడుతుందో, ఆ నిరోధాన్నే మీటర్ కొలిచి తేమగా చూపిస్తుంది. కట్టె చల్లబడితే తడి ఉన్నా కరెంటు సరిగా పారదు, కాబట్టి అంకె తగ్గిపోతుంది. ఈ మాట మీటర్ డబ్బాలో వచ్చిన కాగితంలో ఒక్క వాక్యంగానైనా లేదు. చలిదేశంలో కట్టెలకోసం అని అమ్ముతూ ఈ సంగతి చెప్పకపోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. ఇప్పుడు చలికాలంలో చూడాల్సివస్తే ముక్కని ఒక రోజు ఇంట్లో ఉంచి, గది వేడికి వచ్చాకే చీలుస్తాను.

మీటర్ వల్ల పేర్చే పద్ధతి కూడా మారింది. టార్పాలిన్ నేల దాకా కప్పిన వరసకీ, పైన మాత్రమే కప్పి పక్కలు గాలికి వదిలేసిన వరసకీ ఒకే వేసవిలో తేడా అంకెల్లో కనబడింది. అప్పటి నుంచి ప్యాలెట్ల మీద ఒకే వరసగా, ఎండ తగిలే దక్షిణం వైపు పెడుతున్నాను. గోడకి ఆనించను.

మూడేళ్ళ కట్టెలు ముందే పేర్చుకునే చోటున్నవాళ్ళకి ఈ మీటర్ అంతగా అక్కర్లేకపోవచ్చు, నెమ్మదిగా ఎండే ఓక్ కూడా ఆలోగా ఎండిపోతుంది. మాది పైన్ చెట్ల నీడ పడే చిన్న పెరడు. ఏటా కొంత కొనక తప్పదు, కాబట్టి ట్రక్కు వచ్చినప్పుడల్లా ఇది జేబులో ఉండాల్సిందే. ఇది పాడైతే ఇదే ధరలో మరోటి కొంటానా, చెట్టు జాతినీ చలినీ బట్టి అంకె సరిచేసే ఖరీదైన దానికి వెళ్తానా అన్నది ఇంకా తేల్చుకోలేదు. ఓక్ మానేసి యాష్, బర్చ్‌తోనే సరిపెట్టుకుంటే ఇదే చాలేమో.