అరువిచ్చిన మిషన్ పాడై తిరిగొస్తే ఏది మేలు: ఊరుకోవడమా, అడగడమా, పంచాయితీయా?

పోయినేడు దసరా వెళ్ళిన వారానికి పొలంలో పురుగు మందు కొట్టే మా పెట్రోలు మిషన్ తిరిగి ఇంటికొచ్చింది. బాబాయ్ దాన్ని అరుగు మీద దించి, "స్టార్టవడం లేదొదినా, చిన్నోణ్ణి ఓసారి చూడమను" అని మా అమ్మతో అని, టీ కూడా తాగకుండా బండెక్కేశారు. తమ్ముడు వచ్చి తాడు లాగాడు. అంగుళం కూడా రాలేదు. ఇంజిన్ స్టార్టవకపోవడం వేరు, తాడే రాకపోవడం వేరు. రెండోదంటే లోపల ఇంజిన్ పట్టేసినట్టే. అది చూడగానే వాడి మొహం మాడిపోయింది.

మాది ఒడిశాలో పర్లాకిమిడి దగ్గర పల్లె. బాబాయ్‌ది సరిహద్దు దాటాక ఆంధ్రాలో పాతపట్నం వైపు. రక్తసంబంధం లేదు, మా నాన్నతో కలిసి చదువుకున్న మనిషి. నాన్న పోయినప్పుడు పెద్దకర్మ అయ్యేదాకా మా ఇంట్లోనే ఉండి అన్నీ చూసుకున్నారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి ఇటు వచ్చింది, పాతపట్నం అటే ఉండిపోయింది. అయినా పెళ్ళిళ్ళూ ఆగలేదు, అరువులూ ఆగలేదు. అలాంటి మనిషి దగ్గర మిషన్ పాడైతే ఏం చేయాలి? ఆ రాత్రి మా ఇంట్లో ముగ్గురం మూడు రకాలుగా మాట్లాడాం. అమ్మ ఊరుకోమంది. తమ్ముడు డబ్బు అడగమన్నాడు. నేను ముందు మిషన్ విప్పిద్దాం అన్నాను. ఇలాంటి ఇబ్బందిలో ఉన్నవాళ్ళకి పనికొస్తుందని, ఆ దారుల్లోనూ, మిగతా దారుల్లోనూ ఏది ఎక్కడ బాగుంటుందో, ఎక్కడ చెడుతుందో రాస్తున్నాను.

ముందు అమ్మ మాట. "వెయ్యో రెండు వేలో పోతే పోయాయి, మనిషి పోకూడదు" అంది. వినడానికి గొప్పగా ఉంటుంది, కొన్నిసార్లు నిజం కూడా. అవతలివాళ్ళు ఇవ్వలేని స్థితిలో ఉంటే, పాడైంది చిన్న వస్తువైతే, మనం నిజంగానే మరిచిపోగలిగితే ఊరుకోవడమే మేలు. నా అనుమానమంతా ఆ మూడోదాని మీదే. గుణుపురంలో మా మేనత్త తన వెట్ గ్రైండర్‌ని తెలిసినవాళ్ళ పెళ్ళికి ఇచ్చింది. పదిమంది పిండి ఒకేసారి వేసి తిప్పితే మోటారు కాలిపోయింది. అత్త ఒక్క మాట అనలేదు. సొంత డబ్బుతో వైండింగ్ చేయించుకుంది. కానీ ఆ తర్వాత ఆ ఇంటి బారసాలకి వెళ్ళలేదు, గృహప్రవేశానికీ వెళ్ళలేదు. వాళ్ళకి ఇప్పటికీ కారణం తెలియదు. అసలు మోటారు కాలిన సంగతే తెలియదేమో. డబ్బు అడిగి ఉంటే ఒక పూట ఇబ్బందిగా ఉండేది. అడగకపోవడం వల్ల నాలుగేళ్ళుగా రెండిళ్ళ మధ్య రాకపోకల్లేవు. అందుకే, లోపల రగిలే అవకాశం ఏమాత్రం ఉన్నా ఊరుకోవడం మంచితనం కాదనే నేనంటాను. తప్పు దిద్దుకునే అవకాశం అవతలివాళ్ళకి ఇవ్వకుండానే శిక్ష వేసినట్టవుతుంది.

"మీరే బాగు చేయించి ఇవ్వండి" అనడం రెండో దారి. మొహమాటం తక్కువ, లెక్కల గొడవ లేదు. కానీ వాళ్ళు తెలిసిన మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తారు, చవక సామాను వేయిస్తారు, పదిహేను రోజులు పడుతుంది. మళ్ళీ పాడైతే ఈసారి ఎవరిని అడుగుతాం? సీజన్ మధ్యలో అయితే ఇది అస్సలు పనికిరాదు. సుడిదోమ పట్టిన వరి పదిహేను రోజులు ఆగదు, మడి మధ్యలో గుండ్రంగా మాడిపోతుంది. కుర్చీలు, టెంటు గుడ్డ, వంట గిన్నెల్లాంటివాటికి ఇదే తేలిక.

తమ్ముడు చెప్పినట్టు డబ్బు అడగడం మూడోది. కొత్త మిషన్ ధరలో సగం అడుగుదామన్నాడు. నాకు నచ్చలేదు. నాలుగు సీజన్లు మనం వాడిన మిషన్‌కి కొత్త ధర లెక్కెలా కడతాం? పైగా లోపల ఏం పోయిందో తెలియకుండా ఒక అంకె చెప్పడం అంటే బేరం మొదలుపెట్టడమే. మనం చెప్పింది వాళ్ళకి ఎక్కువ, వాళ్ళు ఇచ్చింది మనకి తక్కువ, ఇద్దరికీ టెన్షన్. వస్తువు పూర్తిగా పోయినప్పుడో, నీళ్ళలో పడి ఇక బాగుచేయలేనప్పుడో అయితే సరే. అదే కంపెనీది, అంతే పాతది సెకండ్ హ్యాండ్‌లో ఎంతకొస్తుందో ఇద్దరూ కలిసి కనుక్కుని ఆ మొత్తం మాట్లాడుకోవచ్చు.

చివరికి నా మాటే నెగ్గింది. ఫోన్ చేసి, "బాబాయ్, రేపు పర్లాకిమిడిలో మిస్త్రీ దగ్గర విప్పిస్తున్నాం, మీరూ రండి, ఏమైందో అందరం చూద్దాం" అన్నాను. డబ్బు మాట ఎత్తలేదు. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఎన్ని గంటలకి?" అన్నారు.

మిస్త్రీ ముందు ట్యాంకు మూత తీసి, అడుగున మిగిలిన పెట్రోల్లో వేలు ముంచి, బొటనవేలితో రుద్ది మా ముందు పెట్టాడు. అప్పటికే ఆరిపోయింది. నూనె కలిపిన పెట్రోలైతే వేళ్ళకి జిడ్డు మిగలాలి. "తేల నాహిఁ" అన్నాడు. నూనె లేదని ఎవరూ తెలుగులోకి మార్చి చెప్పక్కర్లేదు. తర్వాత సైలెన్సర్ ఊడదీసి, బ్లాకు (పిస్టన్ తిరిగే సిలిండర్) పైకి లాగాడు. పిస్టన్ ఒంటి మీద గోళ్ళతో గీరినట్టు నిలువునా గీతలు. రింగు గాడిలో ఇరుక్కుపోయి ఉంది.

టూ స్ట్రోక్ ఇంజిన్‌కి విడిగా నూనె గది ఉండదు. పెట్రోల్లో కలిపిన నూనే లోపలికి వెళ్ళి పిస్టన్‌ని తడపాలి. మా మిషన్‌కి లీటరు పెట్రోలుకి 40 మిల్లీలీటర్ల టూటీ ఆయిల్ (టూ స్ట్రోక్ ఇంజిన్ నూనె). ఉత్త పెట్రోలు పోస్తే ఇంజిన్ కాసేపు మామూలుగానే తిరుగుతుంది, అందుకే తప్పు తెలియదు. వేడెక్కాక పిస్టన్ ఉబ్బి పట్టేస్తుంది. బాబాయ్ దగ్గర ఉన్న నీళ్ళ పంపు ఫోర్ స్ట్రోక్. అందులో ఇంజిన్ ఆయిల్ అడుగున వేరుగా ఉంటుంది, ట్యాంకులో ఉత్త పెట్రోలే పోయాలి. ఆయన ఎప్పుడూ చేసినట్టే చేశారు.

అప్పుడు మిస్త్రీయే అడిగాడు, ఇచ్చేటప్పుడు నూనె సంగతి చెప్పారా అని. మేమంతా తమ్ముడి వైపు చూశాం. వాడు తల దించుకుని, "పెట్రోలు పోసుకో బాబాయ్ అన్నాను. నూనె మాట చెప్పలేదు" అన్నాడు. వాడు దాచేసి ఉంటే ఆ రోజు మొత్తం ఖర్చు బాబాయ్ మీద పడేది, ఆయన ఇచ్చేవారు కూడా. వాడి విషయంలో నేను గర్వపడే సందర్భాల్లో అదొకటి.

బిల్లు 1,850 రూపాయలు. బ్లాకు పిస్టన్ సెట్టు 1,250, కూలి 400, ప్లగ్గు 90, స్టార్టర్ తాడు 110. ప్లగ్గూ తాడూ అరిగింది మా చేతిలో, అవి మావే అన్నాం. మిగిలిన 1,650 చెరి సగం, 825. బాబాయ్ వెయ్యి ఇవ్వబోతే అమ్మ పుచ్చుకోనివ్వలేదు. కళ్ళ ముందు విప్పి చూశాక పంపకం మీద ఎవరికీ అనుమానం రాలేదు. అదే నోటి మాటల మీద జరిగి ఉంటే "నేను సరిగ్గానే వాడాను", "మేం బాగానే ఇచ్చాం" దగ్గరే ఆగిపోయేది.

చట్టం కూడా దాదాపు ఇదే చెబుతుంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో ఇలా వస్తువు వాడుకోవడానికి ఇవ్వడం గురించి విడిగా ఒక అధ్యాయమే ఉంది. తీసుకున్నవాడు, మామూలు వివేకం ఉన్న మనిషి తన సొంత వస్తువుని ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో అంత జాగ్రత్తగా చూడాలి. ఇది 151వ సెక్షన్. ఆ జాగ్రత్త తీసుకున్నా పాడైతే, వేరే ఒప్పందం లేనప్పుడు అతని బాధ్యత లేదు. ఇచ్చినవాడికీ బాధ్యత ఉంది. 150వ సెక్షన్ ప్రకారం ఊరికే ఇచ్చినా, వస్తువులో తనకి తెలిసిన లోపాలు చెప్పాలి. అద్దెకిస్తే తనకి తెలియని లోపాలకీ బాధ్యుడే. చాలామందికి తెలియనిది 154వ సెక్షన్: చెప్పిన పనికి కాకుండా వేరే పనికి వాడితే, ఎంత జాగ్రత్తగా వాడినా నష్టం తీసుకున్నవాడిదే. మీ పొలానికని పట్టుకెళ్ళిన పంపుని బావమరిదికి పంపితే, అక్కడ ఏమైనా మీరే భరించాలి.

మాట కుదరనప్పుడు ఊరి పెద్దమనిషా, లోక్ అదాలతా? వెయ్యి రెండు వేల విషయమైతే ఇద్దరూ గౌరవించే ఒక మనిషి చాలు. అయితే ఆయన మన కులపెద్దో, మన పార్టీ మనిషో అయితే అవతలివాళ్ళకి అది న్యాయంలా కనిపించదు. పంపుసెట్టు, నూర్పిడి మిషన్ లాంటి పెద్ద వస్తువులకైతే లోక్ అదాలత్ మంచిది. కోర్టు ఫీజు ఉండదు, కేసు వేయకముందే జిల్లా న్యాయసేవా సంస్థకి అర్జీ పెట్టుకోవచ్చు. అక్కడ కుదిరిన రాజీకి కోర్టు డిక్రీ విలువ ఉంటుంది, దాని మీద అప్పీలు లేదు. కానీ ఇద్దరూ ఒప్పుకుంటేనే అక్కడ రాజీ కుదురుతుంది. మా సరిహద్దులో ఇంకో చిక్కుంది. మనం గజపతి జిల్లాలో, వాళ్ళు శ్రీకాకుళం జిల్లాలో. దావా అంటే మామూలుగా అవతలివాళ్ళుండే చోటో, వ్యవహారం జరిగిన చోటో వేయాలి. ఇటు కాగితం ఒడియాలో, అటు తెలుగులో. 825 రూపాయల కోసం ఎవరూ ఆ మెట్లెక్కరు. నాన్న స్నేహితుడి మీద అయితే నేను రెండు లక్షలకైనా ముందు పెద్దమనిషి దగ్గరికే వెళ్తాను.

ఒక్క రకం నష్టం మాత్రం మిస్త్రీ విప్పినా కనిపించదు. మందు కొట్టే మిషన్‌తో 2,4-డి లాంటి కలుపు మందు కొట్టి, సరిగ్గా కడగకుండా ఇచ్చేశారనుకోండి. తర్వాత మీరు అదే మిషన్‌తో పత్తికో టమాటాకో పురుగు మందు కొడితే ఆకులు ముడుచుకుపోతాయి. మిషన్ మాత్రం నిక్షేపంగా తిరుగుతుంది. తప్పు ఎవరిదో తేల్చడం కష్టం, బాబాయ్ లాంటి మనిషి కూడా నమ్మరు. దీనికి ముందే జాగ్రత్తపడాలి. కలుపు మందు కొడతామంటే మేం ఇవ్వం, అది మొహం మీదే చెబుతాం. తిరిగొచ్చిన మిషన్‌ని సబ్బు నీళ్ళతో, మామూలు నీళ్ళతో, గొట్టంలోంచీ నాజిల్‌లోంచీ పోయేలా మూడుసార్లు కడిగాకే వాడతాం.

ఇప్పుడు ట్యాంకు మీద తమ్ముడు తెల్ల పెయింటుతో "లీటరుకి 40 నూనె" అని తెలుగులోనూ ఒడియాలోనూ రాశాడు. కొలత మూతని నైలాన్ తాడుతో హ్యాండిల్‌కి కట్టాడు. ఇచ్చేటప్పుడు ఇంజిన్ స్టార్ట్ చేసి పది సెకన్ల వీడియో తీస్తాం, తిరిగొచ్చినప్పుడు ఇంకోటి. ఈ ఏడు వినాయక చవితి ముందు బాబాయ్ మళ్ళీ ఫోన్ చేశారు. "మిషన్ ఖాళీగా ఉందేటి?" అని అడిగి, తమ్ముడు అవునన్నాక, "నూనె సీసా నేనే కొనుక్కొస్తాను, ఏ రకమో ఫోటో పంపు" అన్నారు.